జీవబీజాన్ని మంచులో ఉంచి చూచిన అబ్బే స్పల్లాంజానీ

ఆవు ఎదకు వచ్చిందని తెలియగానే రైతు మేలుజాతి ఆబోతు కోసం ఊళ్లు వెదుకుతూ తిరిగిన కాలం గడచిపోయింది. గోపాలమిత్రకు కబురు పంపితే చాలు, ద్రవ నత్రజని నింపిన పాత్రతో ఇంటి ముంగిటికే వస్తాడు. ఆ పాత్రలోని చలి సున్నకు 196 సెంటీగ్రేడు డిగ్రీల దిగువన ఉంటుంది. అందులోని సన్నని గొట్టంలో గడ్డకట్టి ఉన్న వీర్యం నంద్యాలలోనో, విశాఖపట్నంలోనో, కరీంనగర్‌లోనో పెరిగిన ఆబోతుది కావచ్చు. ఆ ఆబోతు నేడు బ్రతికి లేకపోవచ్చు కూడా. అయినా ఆవు చూడి కడుతుంది, దూడను ఈనుతుంది. మన నగరంలో బంజారా హిల్స్ వంటి పేటలలో వెలసిన సంతాన సాఫల్య కేంద్రాలలోనూ ఇటువంటి చలి పాత్రలే సంతానం లేని దంపతుల ఆశలను భద్రపరుస్తున్నాయి. ఐరోపా ఖండంలో అరుదైన కుందేటి జాతులు అంతరించిపోకుండా వాటి వీర్యాన్ని కూడా ఇదే విధంగా గడ్డకట్టించి దాచుతున్నారు.

ఈ విద్యకు రెండు మూలాలున్నాయి. జంతువుల కలయిక లేకుండానే గర్భం నిలపవచ్చునన్నది ఒకటి. చలిలో చలనం కోల్పోయిన బీజం వెచ్చదనం తగలగానే తిరిగి చైతన్యం పొందుతుందన్నది రెండవది. ఈ రెండింటినీ ప్రయోగపూర్వకంగా పరిశీలించి వ్రాసి పెట్టిన మహనీయుడు ఒక్కడే. ఆయన 18వ శతాబ్దపు ఇటలీ దేశస్థుడు, క్రైస్తవ మతాచార్యుడు, విశ్వవిద్యాలయ ఆచార్యుడు. పేరు లాజరో స్పల్లాంజానీ. అబ్బే అనేది ఆయన మతాచార్య పదవిని సూచించే గౌరవ నామం.

స్పల్లాంజానీ 1729 జనవరి 12వ తేదీన ఉత్తర ఇటలీలోని స్కాండియానో అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి న్యాయవాది. పదిహేనవ యేట సమీపంలోని రెజ్జియో పట్టణంలో జెసూట్ సంఘంవారి పాఠశాలలో చేరి భాషలూ, తర్కమూ అభ్యసించాడు. కుమారుడు తనవలెనే న్యాయవాది కావాలని తండ్రి కోరిక. ఆ కోరిక మేరకు బొలోన్యా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదవడానికి వెళ్లాడు. అయితే ఆ నగరమే ఆయన జీవితాన్ని మరొక మలుపు త్రిప్పింది.

బొలోన్యాలో ఆయన దాయాది లారా బాస్సీ భౌతికశాస్త్ర బోధకురాలు. స్త్రీలకు విశ్వవిద్యాలయ ద్వారాలు దాదాపు మూసి ఉన్న ఆ కాలంలో, 1732లోనే పట్టం పొంది ఆచార్య పీఠం అలంకరించిన విదుషీమణి ఆమె. ఆమె సాన్నిధ్యంలో యువకుడైన లాజరోకు ప్రకృతి శాస్త్రాల మీద మక్కువ కలిగింది. న్యాయశాస్త్రాన్ని మధ్యలోనే విడిచిపెట్టాడు. తండ్రి చివరకు అంగీకరించాడు. ఒక యువకుని అభిరుచిని గుర్తించి దారి చూపిన పెద్ద ఒకరు, తన ఆశను చంపుకొని కుమారుని మాట మన్నించిన పెద్ద మరొకరు. వీరిద్దరూ లేకపోతే విజ్ఞానశాస్త్రం ఒక గొప్ప పరిశోధకుని పోగొట్టుకొని ఉండేది.

అనంతరం ఆయన మతదీక్ష స్వీకరించాడు. రెజ్జియోలో తర్కశాస్త్రమూ గ్రీకు భాషా బోధించాడు. 1763లో మోడెనాకు మారాడు. భాషాశాస్త్రాలు బోధిస్తూనే తీరిక వేళల్లో సూక్ష్మదర్శిని ముందు కూర్చునేవాడు. దేవుని సృష్టిని నిశితంగా చూడడం ఆయనకు మతధర్మానికి విరుద్ధంగా తోచలేదు. విశ్వాసమూ పరిశోధనా ఒకే మనిషిలో పొరపొచ్చాలు లేకుండా ఇమడగలవనడానికి ఆయన జీవితమే సాక్ష్యం.

ఆ రోజుల్లో ఐరోపా పండితులను వేధిస్తున్న ప్రశ్న ఒకటుండేది. నిర్జీవ పదార్థం నుండి ప్రాణులు వాటంతట అవే పుట్టగలవా? మాంసరసాన్ని కాచి మూతపెట్టినా కొన్నాళ్లకు అందులో సూక్ష్మజీవులు కనిపిస్తున్నాయి కనుక పుట్టగలవని ఇంగ్లండు దేశస్థుడు నీధమ్ వాదించాడు. ఫ్రాన్సులో మహాపండితుడైన బుఫాన్ ఆ వాదాన్ని బలపరచాడు. స్పల్లాంజానీ వాదానికి దిగలేదు, ప్రయోగానికి దిగాడు. గాజు బుడ్ల మూతిని కరిగించి గాలి చొరకుండా మూసివేసి, ముప్పావు గంటకు పైగా నీటిలో మరిగించాడు. ఆ బుడ్లలో ఏ జీవీ పుట్టలేదు. ఈ ఫలితాలను 1765లో ప్రకటించాడు. అధిక వేడిమి వల్ల ద్రవంలోని ప్రాణశక్తి నశించిందని నీధమ్ ఆక్షేపించగా, వేరువేరు కాలపరిమితులలో మరిగించి ఆ ఆక్షేపణకూ ప్రయోగంతోనే జవాబిచ్చాడు. ఒక శతాబ్దం తరువాత పాశ్చర్ ఇదే మార్గంలో నడిచి ఆ వివాదాన్ని ముగించాడు.

1768లో లండను రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకుంది. 1769లో ఆస్ట్రియా సామ్రాజ్ఞి మరియా థెరీసా ప్రభుత్వం ఆయనను పావియా విశ్వవిద్యాలయంలో ప్రకృతి చరిత్ర ఆచార్యునిగా నియమించింది. జీవితాంతం ఆయన కార్యస్థానం అదే. అక్కడి ప్రదర్శనశాలను తన చేతులతో పెంచి పెద్దచేశాడు.

ఆయన పరిశోధనలో ముందు చెప్పుకోవలసింది జీర్ణక్రియ విషయం. ఆహారం కడుపులో నలిగి జీర్ణమవుతుందా, ఏదైనా రసం వల్ల కరుగుతుందా అన్నది నాటి సందేహం. ఇతర ప్రాణులపై ప్రయోగించినంతటితో తృప్తిపడక, రొట్టెనూ మాంసాన్నీ చిన్న గుడ్డ సంచులలో కుట్టి తానే మ్రింగాడు. సంచి చెక్కుచెదరకుండా బయటికి వచ్చింది. లోపలి పదార్థం మాత్రం కరిగిపోయింది. జఠరరసంలో మాంసపు ముక్కలు వేసిన గొట్టాలను శరీరపు వెచ్చదనం కోసం చంకలో పెట్టుకొని రోజుల తరబడి తిరిగాడు. ప్రయోగం కోసం తన దేహాన్ని కూడా ప్రయోగశాలగా మార్చుకొన్న నిష్ఠ ఆయనది.

ఇక సంతానోత్పత్తి విషయానికి వద్దాము. అరబ్బు తెగ నాయకుడొకడు శత్రువు వద్దనున్న మేలుజాతి గుర్రపు వీర్యాన్ని రహస్యంగా సంపాదించి తన గుర్రానికి గర్భం నిలిపాడని 14వ శతాబ్దానికి ముడిపెట్టిన కథ ఒకటి పుస్తకాలలో కనిపిస్తుంది. అది మనకు ఎంత ప్రీతికరమైనదైనా కథగానే చెప్పుకోవాలి, దానిని చరిత్రగా నిలిపే ఆధారం లేదు. నిశ్చయమైన చరిత్ర స్పల్లాంజానీ కప్పలతో ప్రారంభమవుతుంది.

ఆడ కప్ప నీటిలో గుడ్లు విడిచేటప్పుడు మగ కప్ప దానిని పట్టుకొని ఉంటుంది. గుడ్లకు జీవం ఎక్కడ, ఎట్లా కలుగుతోంది? దీనిని తెలుసుకోవడానికి ఆయన మైనం పూసిన పట్టుగుడ్డతో చిన్న చిన్న లాగులు కుట్టించి మగ కప్పలకు తొడిగాడు. అంతకుముందు ఫ్రాన్సులో కొందరు ఈ ఉపాయం పన్నినా ఫలితం రాబట్టలేకపోయారు. లాగులు తొడిగిన జంటల గుడ్లన్నీ కుళ్లిపోయాయి. లాగులలో నిలిచిన ద్రవపు బొట్లను సేకరించి వేరే గుడ్లకు తాకించగా అవి తోకకప్పలై ఈదాయి. నవ్వు పుట్టించే ఆ లాగుల వెనుక ఉన్న ఆలోచన ఎంత నిర్దుష్టమైనదో గమనించండి. ఒక్క అంశాన్ని మాత్రమే అడ్డగించి, తక్కినవన్నీ యథాతథంగా ఉంచి, ఫలితాన్ని పోల్చి చూడడం నేటికీ ప్రయోగ విజ్ఞానానికి మూలసూత్రం.

కప్పలో నిజమైనది పాలిచ్చే జంతువులో నిజమవుతుందా? 1780 ప్రాంతంలో ఆయన ఒక ఆడ కుక్కను గదిలో బంధించి తాళంచెవి తన వద్దనే ఉంచుకొన్నాడు. మరే కుక్కా దాని దరి చేరకుండా చూచాడు. అది ఎదకు వచ్చిన తరువాత, మగ కుక్క నుండి సేకరించిన వీర్యాన్ని శరీర ఉష్ణం వరకు వెచ్చచేసిన పిచికారీతో గర్భాశయంలోకి పంపాడు. 62 రోజులకు ఆ కుక్క మూడు పిల్లలను పెట్టింది. రెండు మగవి, ఒకటి ఆడది. వాటి రంగులోనూ రూపంలోనూ తల్లి పోలికలే కాక తండ్రి పోలికలు కూడా కనిపించాయి. ఆనాడు ఆయన పొందిన ఆనందం తక్కిన పరిశోధనలు వేటిలోనూ పొందలేదట. 1782లో పీసా నగరంలో రోస్సీ అనే ఆచార్యుడు ఇదే ప్రయోగాన్ని జయప్రదంగా తిరిగి చేశాడు.

చలిని గూర్చిన పరిశీలన దీనికంటె ముందటిది. 1776 నాటికే ఆయన వీర్యాన్ని మంచులో ఉంచి సూక్ష్మదర్శినితో చూచాడు. చురుకుగా ఈదులాడుతున్న బీజకణాలు చల్లబడినకొద్దీ మందగించి, చివరకు చలనం లేకుండా నిలిచిపోయాయి. చచ్చిపోయాయని తీర్మానించి పారవేయడం సామాన్యుని పని. ఆయన వాటిని మెల్లగా వేడి చేశాడు. కణాలు తిరిగి కదిలాయి. చలనం ఆగిపోవడమే మరణం కాదని, రెంటికీ నడుమ నిద్ర వంటి స్థితి ఒకటున్నదని ఈ చిన్న పరిశీలన తెలియజేసింది.

ఇంతటి పరిశోధకుడు ఒక పెద్ద పొరపాటులో పడ్డాడు. గర్భానికి మూలం అండంలోనే సిద్ధంగా ఉన్నదని ఆయన నమ్మకం. జెనీవాలోని ఆయన మిత్రుడు, ప్రసిద్ధ పండితుడు చార్లెస్ బొన్నే సిద్ధాంతమూ అదే. వీర్యంలో ఈదే సూక్ష్మ ప్రాణులకు సంతానోత్పత్తితో సంబంధం లేదని, ద్రవభాగమే అండాన్ని ప్రేరేపిస్తున్నదని ఆయన తీర్మానించాడు. అయితే ఆయన చేసిన మరొక ప్రయోగం ఏమి చెప్పింది? వీర్యాన్ని అద్దుడు కాగితాల ద్వారా వడకట్టగా, కాగితాల సంఖ్య పెరిగినకొద్దీ దిగిన ద్రవానికి గుడ్లను ఫలింపజేసే శక్తి తగ్గిపోయింది. కాగితం మీద మిగిలిన మడ్డిని నీటిలో కలిపితే ఆ నీరు గుడ్లను ఫలింపజేసింది. బీజకణాలు ఆ మడ్డిలోనే ఉన్నాయి! సత్యం ఆయన అరచేతిలోకి వచ్చి కూర్చుంది. ఆయన మనస్సు దానిని గుర్తించలేదు.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని సాధించేవారిని గూర్చి మన పెద్దలు సామెత చెప్పారు. స్పల్లాంజానీ కూడా ఇక్కడ మూడు కాళ్ల కుందేటినే పట్టుకొన్నాడనక తప్పదు. కాని మొండివానికీ ఆయనకూ ఒక భేదమున్నది. మొండివాడు నాలుగవ కాలిని దాచిపెడతాడు. స్పల్లాంజానీ తాను చూచిన నాలుగవ కాలిని పూసగ్రుచ్చినట్లు వర్ణించి గ్రంథంలో ప్రకటించాడు. తన సిద్ధాంతానికి ఇబ్బంది కలిగించే ఫలితాన్ని కూడా తొలగించలేదు. అందువల్లనే 1824లో ప్రెవోస్ట్, ద్యుమా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అదే వడపోతను తిరిగి చేసి, బీజకణాలే ఫలదీకరణకు కారణమని నిరూపించగలిగారు. 1876లో హెర్ట్‌విగ్ సముద్రపు ముళ్లజీవిలో బీజకణపు కేంద్రకం అండపు కేంద్రకంతో కలియడం వర్ణించాడు. స్పల్లాంజానీ తీర్మానం కొట్టుకుపోయింది, ఆయన ప్రయోగం నిలిచింది.

ఆయన జీవితంలో అపవాదు కూడా లేకపోలేదు. 1785లో ఆయన ఉస్మానియా సామ్రాజ్య రాజధానియైన కాన్‌స్టాంటినోపుల్, అనగా నేటి ఇస్తాంబుల్ నగరానికి ప్రయాణమై, దాదాపు సంవత్సరం పాటు అక్కడ ఉండి, ఆ ప్రాంతపు జలచరాలనూ ఖనిజాలనూ పరిశీలించాడు. ఆయన దూరాన ఉండగా పావియాలోని సహచరులు కొందరు, విశ్వవిద్యాలయ ప్రదర్శనశాలలోని వస్తువులను ఆయన తన స్వగ్రామానికి దొంగతనంగా తరలించాడని ఆరోపించారు. తన చేతులతో పోగుచేసిన ప్రదర్శనశాలకే దొంగ అన్న నింద! తిరిగి వచ్చిన ఆయనను విద్యార్థులు ఘనంగా స్వాగతించారు. విచారణ జరిగి 1787 నాటికి ఆయన నిర్దోషిగా తేలాడు. ఆయన సర్వసంగ పరిత్యాగి ఏమీ కాడు. విరోధులను ఎగతాళి చేస్తూ లేఖలు ప్రకటించి కసి తీర్చుకొన్నాడు. అయినా ఆ గొడవలలోనే కాలం వెళ్లబుచ్చలేదు. 1788లో, అరవై యేండ్లు సమీపించిన వయస్సులో, వెసూవియస్, ఎట్నా అగ్నిపర్వతాలనెక్కి పరిశోధనలు సాగించాడు.

1793లో ఆయన దృష్టి గబ్బిలాల మీద పడింది. చూపు పోయిన గబ్బిలం కూడా గదిలో కట్టిన దారాలకు తగలకుండా ఎగరడం చూచి ఆశ్చర్యపోయాడు. జెనీవాలో జ్యురీన్ అనే వైద్యుడు గబ్బిలం చెవులు మూసివేస్తే అది అన్నిటికీ గుద్దుకొంటుందని కనుగొన్నాడు. స్పల్లాంజానీ ఆ ప్రయోగాన్ని తానూ చేసి అది నిజమేనని అంగీకరించాడు. చెవులతో చూడడమేమిటని పలువురు పరిహసించారు. మన చెవికి వినబడని ధ్వనులను గబ్బిలం వెలువరిస్తుందని 1938లో అమెరికాలో గ్రిఫిన్, పియర్స్ తెలిపే వరకు ఆ రహస్యం విడలేదు.

చివరి దినాలలో ఆయన శ్వాసక్రియను పరిశోధించాడు. ఊపిరితిత్తులే కాక శరీర కణజాలం కూడా ప్రాణవాయువును గ్రహిస్తుందని కనుగొన్నాడు. ఆ గ్రంథం అచ్చయి రావడం చూడకుండానే 1799 ఫిబ్రవరి మాసంలో, డెబ్బదియవ యేట, పావియాలో కన్నుమూశాడు.

మంచులో ఆయన చూచిన నిద్ర కథ ఆయనతో ముగియలేదు. 1866లో ఇటలీ వైద్యుడు మాంటెగాజా వీర్యాన్ని గడ్డకట్టించి దాచవచ్చునని ఊహించాడు. ఊహకూ సాధనకూ నడుమ పెద్ద అడ్డంకి ఉన్నది. చల్లబరచడం వేరు, గడ్డకట్టించడం వేరు. నీరు గడ్డకట్టినపుడు ఏర్పడే మంచు పలుకులు కణాన్ని ఛిద్రం చేస్తాయి. మిగిలిన ద్రవంలో లవణాలు చిక్కబడి కణాన్ని పాడుచేస్తాయి. 1949లో ఇంగ్లండులో పోల్జ్, స్మిత్, పార్క్స్ అనే శాస్త్రజ్ఞులు కోడిపుంజు వీర్యంలో గ్లిసరాల్ కలిపితే అది గడ్డకట్టి కరిగిన తరువాత కూడా సజీవంగా ఉండడం గమనించారు. పంచదార ద్రావణమనుకొని వాడిన సీసాలో పేరుచీటీ మారిపోయి గ్లిసరాల్ ఉండడం వల్ల ఆ సంగతి బయటపడింది. ఫలితం ఎందుకు వచ్చిందని వెనుకకు వెళ్లి సీసాను పరీక్షించిన ఓర్పు వల్లనే అది విజ్ఞానమైంది. 1951లో గడ్డకట్టిన వీర్యం వల్ల మొదటి దూడ పుట్టింది. మంచులోని ఆ పరిశీలనకూ గ్లిసరాల్‌కూ నడుమ 173 సంవత్సరాలు గడచాయి.

ఆబోతుకు అచ్చివచ్చిన విధానం కుందేటికి అంతగా అచ్చిరాలేదు. కుందేటి బీజకణానికి గ్లిసరాల్ వల్ల కలిగే రక్షణ స్వల్పం. అందుచేత శాస్త్రజ్ఞులు డైమిథైల్ సల్ఫాక్సైడ్ వంటి వేరు ద్రవ్యాలను, కోడిగ్రుడ్డు పచ్చసొననూ, చక్కెరలనూ కలిపి ప్రయత్నించారు. పైగా ఆడ కుందేలు ఆవువలె నియత కాలంలో అండాన్ని విడువదు. మగదానితో కలిసిన తరువాత సుమారు పది పన్నెండు గంటలకే విడుస్తుంది. కలయిక లేని చోట ఆ ప్రేరణను హార్మోను సూదితో కల్పించవలసి ఉంటుంది. ఇంత చేసినా గడ్డకట్టిన వీర్యంతో పుట్టే పిల్లల సంఖ్య తాజా వీర్యంతో పుట్టే పిల్లల కంటె సాధారణంగా తక్కువే. అందుకే ఐరోపాలోని పెంపకందారులు కుందేటి వీర్యాన్ని పదిహేను, పద్దెనిమిది డిగ్రీల చల్లదనంలో ఒకటి రెండు రోజులు మాత్రం నిలువచేసి వాడుకొంటారు. గడ్డకట్టించే పద్ధతిని ముఖ్యంగా అరుదైన జాతుల పరిరక్షణకు వినియోగిస్తారు.

మన హైదరాబాదు కూడా ఈ కథలో చేరింది. అత్తాపూరులో సి.సి.ఎం.బి. నెలకొల్పిన అంతరించిపోతున్న జీవజాతుల పరిరక్షణ ప్రయోగశాలవారు కృత్రిమ గర్భధారణ పద్ధతిలో 2006లో చుక్కల జింక పిల్లను పుట్టించారు. పావియాలోని గదిలో కళ్లు తెరచిన మూడు కుక్కపిల్లలకూ ఈ జింక పిల్లకూ నడుమ రెండు శతాబ్దాల దూరం ఉన్నా, వంశం ఒక్కటే.

విద్యార్థులు స్పల్లాంజానీ నుండి గ్రహించవలసినది ఆయన మేధాసంపత్తి మాత్రమే కాదు. మేధ ఆయనను సైతం ఒక్కొక్కప్పుడు మోసగించింది. ఆయనను కాపాడినది చూచినది చూచినట్లు వ్రాసిన నిజాయితీ. ప్రయోగశాలలో ఫలితం మనకు నచ్చినట్లు రాకపోతే అంకెలు సవరించి వ్రాయాలన్న ప్రలోభం ఏ విద్యార్థికైనా కలుగవచ్చు. అట్లా సవరించిన అంకెతో మార్కులు రావచ్చును గాని, అందులో దాగిన సత్యం మరెవరికీ దక్కకుండా పోతుంది. మన తీర్మానాలు తప్పు కావచ్చు. మన వ్రాతలో నిజం ఉంటే, ఆ తప్పును దిద్దగలవాడు ఏ నూరేండ్లకైనా వచ్చి దిద్దుతాడు.